వరండా దీపం వెలిగించాలా, ఆర్పాలా? హాలోవీన్ ముందు క్రైస్తవ కుటుంబాలు

అక్టోబరు 31న, పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగే హాలోవీన్ సాయంత్రం, అమెరికా శివారు వీధుల్లో ఒక గుర్తు అందరికీ తెలుసు. ఇంటి ముందు వరండా దీపం వెలుగుతుంటే పిల్లలు వెళ్లి తలుపు తట్టవచ్చు, మిఠాయి దొరుకుతుంది. దీపం ఆరి ఉంటే ఆ ఇంటిని వదిలేసి పక్కింటికి పోవాలి. దీనికి బోర్డు ఉండదు, కారణం ఎవరూ అడగరు. ఆ ఇంట్లోవాళ్లు ఊళ్లో లేకపోవచ్చు, తెచ్చిన చాక్లెట్లు అయిపోయి ఉండవచ్చు, పసిబిడ్డను అప్పుడే నిద్రపుచ్చి ఉండవచ్చు. లేదా వాళ్లు హాలోవీన్ చేయకూడదనుకున్న క్రైస్తవులు కావచ్చు. లోపల దీపాలు కూడా తగ్గించి, ఇంటి వెనక గదిలో కూర్చుని, బయట పిల్లల కేకలు వింటూ ఆ రెండు గంటలూ గడిపే కుటుంబాలు ఉన్నాయి.

ఆదివారం ఒకే చర్చిలో పక్కపక్క వరుసల్లో కూర్చునే రెండు కుటుంబాలు ఈ ఒక్క సాయంత్రం విషయంలో ఏకాభిప్రాయానికి రాకపోవచ్చు. ఒకరి పిల్ల సాలెపురుగు మనిషి వేషంలో సంచి పట్టుకుని వీధిలో తిరుగుతుంది. ఇంకొకరి పిల్లవాడిని ఆ రోజు బడిలో పార్టీ అని ముందే తెలిసి మధ్యాహ్నానికే ఇంటికి తెచ్చుకుంటారు. మూడో కుటుంబం చర్చి పార్కింగ్ స్థలంలో కారు డిక్కీ తెరిచి, దాన్ని నోవహు ఓడలా అలంకరించి చాక్లెట్లు పంచుతుంది. బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. పిల్లలు వేషాలు వేసుకుని చాక్లెట్లు అడుక్కునే ఆటకు ఇంత తర్జనభర్జన ఎందుకని అడుగుతారు. లోపలివాళ్లకు మాత్రం ఇది పిల్లల పెంపకం, పొరుగువాళ్లతో సంబంధం, మనస్సాక్షి మూడూ ఒకే ముడిలో పడ్డ విషయం.

వేదిక మీద నుంచి గట్టి నిషేధం వస్తోందనుకుంటే అదీ పొరపాటే. లైఫ్‌వే రీసెర్చ్ అనే సంస్థ 2022లో అమెరికా ప్రొటెస్టెంట్ పాస్టర్లను అడిగితే, చర్చి నడిపే కార్యక్రమానికి స్నేహితులనూ పొరుగువాళ్లనూ పిలవమని ప్రోత్సహిస్తామన్నవాళ్లు 71 శాతం. హాలోవీన్‌కు పూర్తిగా దూరంగా ఉండమని చెప్పేవాళ్లు 13 శాతమే. అంటే పాస్టర్లలో ఎక్కువమంది పూర్తిగా వద్దనడం లేదు, తీర్పు కుటుంబాలకే మిగిలింది. అసలు వాదన వంటింట్లో, కారులో, తాతమ్మలతో ఫోన్లో జరుగుతోంది.

వాదన ఎక్కడ మొదలైనా చివరికి ఈ పండుగ పుట్టుక దగ్గరికే వస్తుంది. వద్దనేవాళ్లు ఇది అన్యాచారం, కెల్టిక్ ప్రజల సావిన్ పండుగకు ముసుగు అంటారు. ఫర్వాలేదనేవాళ్లు ఇది చర్చి పండుగే, సకల పరిశుద్ధుల పండుగకు ముందు సాయంత్రం, పేరులోనే ఆ సంగతి ఉంది అంటారు. హాలో అంటే పాత ఇంగ్లిషులో పరిశుద్ధుడు, ఈవ్ అంటే ముందు సాయంత్రం. పేరు వరకూ రెండోవాళ్లు చెప్పింది నిజమే. మిగతా కథ ఇద్దరూ చెప్పుకునేంత సాఫీగా లేదు.

సావిన్ నవంబరు 1న వచ్చేది. ఐర్లండు, స్కాట్లండు ప్రాంతాల్లో పంటకాలం ముగిసి చలికాలం మొదలయ్యే వేళ, పశువులను ఎత్తైన మేతభూముల నుంచి కిందికి తోలుకొచ్చే కాలం అది. ఆ రాత్రి ఈ లోకానికీ అవతలి లోకానికీ మధ్య దారి తెరుచుకుంటుందనే ఊహ పాత ఐరిష్ కథల్లో కనిపిస్తుంది. అయితే ఆ కథలు మనకు చేరింది క్రైస్తవ సన్యాసుల చేతిరాతల్లో, ఐర్లండు క్రైస్తవం పుచ్చుకున్న వందల ఏళ్ల తర్వాత. అంతకు ముందు ఆ రాత్రి సరిగ్గా ఏ పూజ జరిగేదో చెప్పే ఆధారాలు చాలా తక్కువ. సావిన్ అనే మృత్యుదేవుడు ఉండేవాడని కొన్ని కరపత్రాల్లో రాస్తారు. సావిన్ అన్నది పండుగ పేరు, ఆ పేరుతో మృత్యుదేవుడు ఉన్నట్టు ఆధారం లేదు.

చర్చి వైపు చూస్తే, పోపు నాలుగో బోనిఫేస్ రోములోని పాంథియన్ ఆలయాన్ని మరియమ్మకూ హతసాక్షులందరికీ ప్రతిష్ఠించింది 609లో, మే 13న. సకల పరిశుద్ధుల పండుగకు తొలి ఆనవాళ్లలో అదొకటి, అప్పుడది ఎండాకాలపు పండుగ. 8వ శతాబ్దంలో పోపు మూడో గ్రెగరీ సెయింట్ పీటర్స్‌లో పరిశుద్ధులందరి పేరిట ఒక ప్రార్థనాలయం ప్రతిష్ఠించాడు. 835లో నాలుగో గ్రెగరీ కాలంలో, ఫ్రాంకుల చక్రవర్తి లూయీ ఆజ్ఞతో నవంబరు 1 తేదీ ఆ సామ్రాజ్యమంతటా స్థిరపడింది. సావిన్‌ను కప్పిపెట్టడానికే చర్చి ఆ తేదీ ఎంచుకుందనేది బాగా ప్రచారంలో ఉన్న మాట. దీన్ని చరిత్రకారుడు రొనాల్డ్ హట్టన్ ఒప్పుకోడు. తొలినాళ్ల ఐర్లండులో ఈ పండుగను ఏప్రిల్ 20న చేసేవారని, నవంబరు తేదీ ఉత్తర ఐరోపాలోని జర్మానిక్ ప్రాంతాల నుంచి వచ్చిందని ఆయన వాదన. సావిన్‌ను చెరిపేయడమే ఉద్దేశమైతే, సావిన్ చేసుకునే ఐర్లండులోనే ఆ తేదీ ముందు రావాలి కదా.

ఆ మర్నాడు, నవంబరు 2, ఆత్మల దినం. తెలుగునాట సమాధుల పండుగ అని పిలుచుకునే రోజు ఇదే. సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించడం ఇక్కడ చాలామందికి తెలిసిన దృశ్యం. మధ్యయుగాల ఇంగ్లండులో ఈ రోజుల్లో పేదలూ పిల్లలూ ఇంటింటికీ వెళ్లి చనిపోయినవాళ్ల ఆత్మల కోసం ప్రార్థిస్తామని చెప్పి చిన్న రొట్టెలు పుచ్చుకునేవారు. హాలోవీన్ నాటి ఇంటింటి తిరుగుడుకు పూర్వీకుల్లో ఇదొకటి. 16వ శతాబ్దంలో చర్చి సంస్కరణ ఉద్యమం వచ్చాక ప్రొటెస్టెంట్లు ఉత్తరించు స్థలాన్నీ, అంటే చనిపోయిన ఆత్మలు శుద్ధి పొందే చోటనే నమ్మకాన్నీ, మృతుల కోసం ప్రార్థననూ తోసిపుచ్చారు. కాబట్టి నాటి ప్రొటెస్టెంటుకు ఈ రోజుల మీద అభ్యంతరం ఉంటే, అది కేథలిక్కుల ఆచారమనే. అదే ప్రొటెస్టెంటు వారసుడు నేడు అన్యాచారం అంటున్నాడు. నేరం మారింది, ముద్దాయి మాత్రం మారలేదు.

ఆ సంస్కరణకు నాంది పలికిన జర్మనీ సన్యాసి మార్టిన్ లూథర్ కథ కూడా ఈ సాయంత్రానిదే. 1517 అక్టోబరు 31న ఆయన చర్చి పద్ధతులను ప్రశ్నించే తన 95 వాదాలు వెల్లడించాడు, ఆ కాగితాన్ని చర్చి తలుపుకు మేకుతో కొట్టాడని చెబుతారు. విట్టెన్‌బర్గ్‌లో ఆ కోట చర్చి పేరు సకల పరిశుద్ధుల చర్చి, మర్నాడు దాని సొంత పండుగ. అందుకే కొన్ని ప్రొటెస్టెంట్ కుటుంబాలు ఆ సాయంత్రాన్ని సంస్కరణ దినంగా చేసుకుంటాయి. పిల్లవాడికి నల్ల అంగీ తొడిగి చేతిలో సుత్తి పెడతారు. ఆ సుత్తితో లూథర్ నిజంగా తలుపుకు మేకు కొట్టాడా అనే దాని మీద పండితుల్లో వాదన ఉంది గానీ, ఐదేళ్లవాడికి సుత్తి ఉంటే చాలు.

పుట్టుకను బట్టి తేల్చాలనుకునేవాళ్లకు ఇంతకంటే పెద్ద చిక్కు క్రిస్మస్. ఇంగ్లండు నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడ్డ కఠిన నియమాల ప్రొటెస్టెంట్లు, ప్యూరిటన్లు, ఈ కొలతను చివరికంటా వాడారు. డిసెంబరు 25న యేసు పుట్టాడని వాక్యంలో లేదు, ఆ పండుగ చేయమని ఆజ్ఞ లేదు, ఆ రోజు తాగి తందనాలాడటం అన్యుల పండుగల నుంచి వచ్చింది అన్నారు. 1659లో మసాచుసెట్స్ బే కాలనీ క్రిస్మస్ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా అని చట్టం చేసింది. 1681 దాకా ఆ చట్టం ఉంది. మసాచుసెట్స్‌లో క్రిస్మస్ ప్రభుత్వ సెలవు అయ్యింది 1856లోనే. హాలోవీన్‌ను పుట్టుక పేరు మీద తోసేసి, హాలులో క్రిస్మస్ చెట్టు నిలబెట్టే ఇంటిని ఆ ప్యూరిటన్ చూస్తే ఏమనేవాడో ఊహించడం కష్టం కాదు. ఆయన మాట తప్పో ఒప్పో గానీ, ఆయన కొలత మాత్రం రెండు పండుగలకూ ఒకటే.

నేటి హాలోవీన్ ఆ పాత రోజుల్లో ఎవరూ గుర్తుపట్టలేనిది. 1840ల కరువు తర్వాత లక్షల్లో వచ్చిన ఐరిష్ వాళ్లూ, స్కాట్లండు వాళ్లూ తమ అలవాట్లు వెంట తెచ్చారు. అక్కడ టర్నిప్ దుంపను తొలిచి ముఖం చెక్కి దీపం పెట్టేవారు. అమెరికాలో గుమ్మడికాయ దొరికింది, తొలచడం తేలిక, ముఖం పెద్దది. 20వ శతాబ్దం మొదట్లో ఆ రాత్రి కుర్రాళ్ల అల్లరి బాగా ముదిరింది. గేట్లు ఊడదీయడం, కిటికీలు పగలగొట్టడం, బండ్లు తిరగేయడం. ఊళ్లు ఆ అల్లరిని చాక్లెట్లతో కొనేశాయి. ట్రిక్ ఆర్ ట్రీట్ అనే మాటలో ఆ బేరం ఇంకా వినిపిస్తుంది, మిఠాయి ఇస్తారా, అల్లరి భరిస్తారా అని. రెండో ప్రపంచ యుద్ధంలో చక్కెర రేషన్ వల్ల ఆగిన ఈ ఆట, 1947లో రేషన్ ఎత్తేశాక శివారు కాలనీలతో పాటు పెరిగింది. 2023లో హాలోవీన్ మీద అమెరికన్లు 1,220 కోట్ల డాలర్లు ఖర్చు పెడతారని అక్కడి చిల్లర వర్తకుల సమాఖ్య అంచనా వేసింది. దెయ్యాల కంటే దుకాణాలకే ఈ రాత్రి ఎక్కువ అవసరం.

కోర్టు కూడా ఇదే మాట ఇంకో తీరులో చెప్పింది. ఫ్లోరిడాలో ఒక తండ్రి, ప్రభుత్వ బడిలో మంత్రగత్తెల బొమ్మలూ ఉపాధ్యాయుల వేషాలూ మంత్రవిద్యను పాటించే విక్కా అనే మతాన్ని ప్రోత్సహించడమేనని దావా వేశాడు. 1994లో రాష్ట్ర అప్పీలు కోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. బడిలో ఆ బొమ్మలు మతప్రచారం కావు, లౌకికమైన వేడుకలో భాగం అన్నది తీర్పు సారం. చట్టం కళ్లకు హాలోవీన్‌లో మతం లేదు. క్రైస్తవ తలిదండ్రులకు ఇది రెండంచుల కత్తి. మతం లేదంటే చేసుకోవడంలో తప్పు లేదని ఒకరు ఊరట పడతారు. మతం లేదనిపించేలా మారడమే అసలు మోసమని ఇంకొకరు అంటారు.

ఇక్కడే తొలినాళ్ల క్రైస్తవ అపొస్తలుడు పౌలు తన పత్రికల్లో రాసిన ఒక పాత సమస్య అక్కరకు వస్తుంది. కొరింథు పట్టణంలో మాంసం కొనాలంటే అది విగ్రహాలకు అర్పించినది కావచ్చు. తినవచ్చా? ప్రసాదం చేతికొచ్చినప్పుడు ఏం చేయాలో చిన్నప్పటి నుంచీ ఆలోచిస్తూ పెరిగిన తెలుగు క్రైస్తవుడికి ఈ ప్రశ్న ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అమెరికాలో పుట్టిన విశ్వాసికే ఇది కాస్త దూరపు సంగతి.

పౌలు దీనికి ఒక్క జవాబు ఇవ్వలేదు. ఎక్కడ కూర్చున్నావన్న దాన్ని బట్టి చెప్పాడు. గుడిలో విగ్రహం ముందు బల్ల దగ్గర కూర్చోవద్దు. అది ప్రభువు బల్లకు పోటీ. కటికవాని అంగడిలో అమ్మేది మాత్రం, ఎక్కడి నుంచి వచ్చిందని మనస్సాక్షి కోసం అడగకుండా తిను. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వెళ్లు, పెట్టింది తిను. కానీ పక్కనున్నవాడు, ఇది బలి ఇచ్చింది అని చెబితే ఆపెయ్. నీ కోసం కాదు, అతని మనస్సాక్షి కోసం. ఇదంతా మొదటి కొరింథీయులకు పత్రికలో ఎనిమిది, పది అధ్యాయాల్లో ఉంది. మాంసం ఒకటే. మారేది బల్ల, పక్కనున్న మనిషి.

హాలోవీన్‌కు దీన్ని అన్వయిస్తే చర్చ ఒక్కసారిగా స్పష్టపడుతుంది. ఆ రాత్రి చనిపోయినవాళ్లను పలికించే బోర్డు పెట్టుకుని కూర్చోవడం, సరదాకైనా సోదె చెప్పించుకోవడం, ఇవి గుడిలో బల్ల. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం కర్ణపిశాచులను అడగడం, మృతులను సంప్రదించడం వద్దని చెప్పేది సరిగ్గా వీటి గురించే. ఇందులో సరదా అనే మినహాయింపు లేదు. సూపర్‌మార్కెట్లో సగం ధరకు దొరికే చాక్లెట్ సంచి కటికవాని అంగడి. దాని పుట్టుక ఎవరూ అడగరు. పొరుగింటావిడ వరండాలో నిలబడి, మీ పాప వేషం ఎంత బావుందో అంటూ చాక్లెట్ చేతిలో పెట్టడం అవిశ్వాసి ఇచ్చిన విందు. ఇక నాలుగో సందర్భం అరుదు గానీ నిజమైనది. ఒకప్పుడు క్షుద్రపూజల్లో మునిగి బయటపడి, ఈ మధ్యే బాప్తిస్మం తీసుకున్న మనిషి మీ ఇంటికి వచ్చే రోజు. అతనికి ఆ గుమ్మడికాయ ముఖం పాత జీవితపు తలుపు. అతని ఎదుట దాన్ని తీసేయడం భయం వల్ల చేసే పని కాదు.

బలహీనుడైన సహోదరునికి అభ్యంతరం కలిగించకూడదన్న మాటను చర్చిల్లో చాలా వదులుగా వాడతారు. సండే స్కూల్ పెద్దావిడకు నచ్చలేదు కాబట్టి ఇంకెవరూ చేయకూడదన్నట్టు. పౌలు చెప్పిన బలహీనుడికి ఆ పని చూస్తే కోపం రాదు, దాన్ని చూసి తన మనస్సాక్షికి విరుద్ధంగా తానూ చేసేస్తాడు. ముప్పై ఏళ్లుగా హాలోవీన్ తప్పని గట్టిగా చెప్పే మనిషి ఈ అర్థంలో బలహీనుడు కాడు. అందరికంటే నిబ్బరంగా ఉన్నది ఆయనే.

ఇంకో వచనం కూడా ఇలాగే సాగదీతకు గురైంది. మొదటి థెస్సలొనీకయులకు 5:22ను ఇంగ్లిషు కింగ్ జేమ్స్ అనువాదంలో చదివితే, చెడుగా కనిపించే దేనికైనా దూరంగా ఉండమన్నట్టు ధ్వనిస్తుంది. అలా తీసుకుంటే వేషమే చాలు, లోపల ఏముందో చూడనక్కర్లేదు. తెలుగు బైబిలు మాత్రం ప్రతి విధమైన కీడునకు దూరముగా ఉండమంటుంది. చెడులో ఎన్ని రకాలుంటే అన్నిటికీ దూరంగా ఉండమని. చెడులా కనిపించేదానికీ చెడు రకానికీ మధ్య ఉన్న తేడాలోనే సగం హాలోవీన్ వాదన ఇరుక్కుని ఉంది. ఈ విషయంలో తెలుగు అనువాదం మూలానికి దగ్గరగా ఉంది.

వచనాల కంటే భయమే ఎక్కువ ఇళ్లలో దీపాలు ఆర్పించిందని కూడా చెప్పుకోవాలి. 1974లో టెక్సాస్‌లో ఎనిమిదేళ్ల పిల్లవాడు హాలోవీన్ మిఠాయిలో కలిపిన సయనైడుతో చనిపోయాడు. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో టైలెనాల్ అనే నొప్పి మాత్రల్లో సయనైడు కలిపితే ఏడుగురు చనిపోయారు. హాలోవీన్‌కు కొన్ని వారాల ముందు జరిగింది కాబట్టి, ఆ ఏడాది ఊళ్లకు ఊళ్లు వణికిపోయాయి. అదే దశాబ్దంలో సాతాను ఆరాధకుల ముఠాలు పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయనే వదంతి దేశమంతా పాకింది, తర్వాత విచారణల్లో నిలబడలేదు. సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ దశాబ్దాల వార్తలు జల్లెడ పట్టి, అపరిచితుడు ఇచ్చిన విషపు మిఠాయితో ఏ పిల్లా చనిపోయిన దాఖలా లేదని తేల్చాడు. మరి టెక్సాస్ పిల్లవాడు? ఆ విషం కలిపింది కన్నతండ్రే, బీమా డబ్బు కోసం. చర్చిలో డీకన్, అంటే సంఘ సేవకుడు కూడా. 1984లో అతనికి మరణశిక్ష అమలైంది. ఈ రాత్రి వీధిలో పిల్లలకు నిజంగా ప్రమాదం తెచ్చేది చీకట్లో వచ్చే కార్లు.

ఆ భయం చర్చిల్లో ఒక కొత్త ఏర్పాటుకు దారితీసింది. ట్రంక్ ఆర్ ట్రీట్ అంటారు, అంటే కారు డిక్కీ ఆట. ఇరవై ముప్పై కార్లు చర్చి పార్కింగ్ స్థలంలో వరసగా నిలబెట్టి, డిక్కీలు తెరిచి, పిల్లల్ని కారు నుంచి కారుకు తిప్పుతారు. పేరు పంటకోత పండుగ అని పెడతారు, దెయ్యం వేషాలు వద్దంటారు, బైబిలు కథల్లోని దావీదు, ఎస్తేరు, సింహాల గుహ ఉంటాయి. సురక్షితం, సరదా, అరగంటలో సంచి నిండుతుంది.

కానీ ఈ ఏర్పాటు దాన్ని పెట్టినవాళ్లు చెప్పే కారణాలతోనే పొసగదు. హాలోవీన్ తప్పయితే, అదే రోజు, వేషాలతో, అదే చాక్లెట్లతో పేరు మార్చి చేసేది ఏమిటి? తప్పు కాకపోతే, పొరుగువాళ్లు మీ గుమ్మం ముందుకు వచ్చే ఆ ఒక్క సాయంత్రం ఇంటికి తాళం వేసి చర్చికి వెళ్లడం దేనికి? ఏడాది పొడవునా పక్కింటివాళ్లను చర్చికి పిలవాలని తంటాలు పడే కుటుంబం, వాళ్లే తమ వరండా ఎక్కే రాత్రి ఇంట్లో ఉండదు. దూరంగా ఉండేవాడి మాటకూ ఒక నిలకడ ఉంది, దీపం వెలిగించేవాడి మాటకూ ఉంది. పార్కింగ్ స్థలానికి ఆ రెండూ లేవు. పొరుగు అనేదే లేని చోట, వీధి దాటడం ప్రమాదమైన చోట, లేదా ఒంటరి తల్లి ముగ్గురు పిల్లలతో చీకట్లో తిరగలేని చోట మాత్రం దాని విలువ వేరు.

ఇంతకంటే వింత నరక గృహాలు. భయం పుట్టించే గదుల్లో పాపానికి ఫలితం చూపించి, చివరి గదిలో సువార్త చెబుతారు. వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో లిబర్టీ విశ్వవిద్యాలయం వాళ్ల స్కేర్‌మేర్ 1970ల నుంచీ నడుస్తోంది. పిల్లలకు రక్తం, శవాలు చూపడం తప్పని హాలోవీన్‌ను తిట్టి, అవే చూపడానికి టికెట్టు పెట్టడం అంటే పెరటి గుమ్మాన అదే పండుగను లోపలికి పిలవడమే.

కరపత్రాల సంగతి మరోటి. సువార్త బొమ్మల పుస్తకాన్ని పిల్లల సంచిలో వేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇందులో రహస్యమేమీ లేదు. చాక్లెట్‌తో పాటు వేస్తే తలిదండ్రులు ఇంటికెళ్లాక చూస్తారు. చాక్లెట్ లేకుండా కరపత్రం ఒక్కటే వేస్తే, ఆ ఇంటి గురించి వచ్చే ఏడాది దాకా వీధి పిల్లలు చెప్పుకునేది సువార్త గురించి అయితే కాదు. దీనికి ఎదురుగా ఫిలడెల్ఫియా కథ ఒకటి ఉంది. 1950లో క్లైడ్ అలిసన్ అనే ప్రెస్బిటేరియన్ పాదిరి, ఆయన భార్య మేరీ ఎమ్మా కలిసి, పిల్లలు హాలోవీన్ రాత్రి మిఠాయికి బదులు ప్రపంచంలోని ఆకలి పిల్లల కోసం చిల్లర అడగాలని తలపెట్టారు. మొదటిసారి పోగైంది 17 డాలర్లు, ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యూనిసెఫ్‌కు పంపారు. చిల్లర పోగుచేసే నారింజ రంగు డబ్బా తర్వాత దేశమంతా తిరిగింది. పండుగను తిట్టకుండా, పేరు మార్చకుండా, దాని ఇంటింటి తిరుగుడునే వేరే పనికి వాడుకున్న ఉపాయం అది.

ఈ వాదనలో అమెరికా క్రైస్తవులు తరచు మరచిపోయే గుంపు ఒకటుంది. భారత్, నైజీరియా, హైతీ లాంటి చోట్ల నుంచి వచ్చి స్థిరపడ్డ విశ్వాసులు. తరతరాలుగా దెయ్యాన్ని కార్టూన్‌లోనే చూసినవాడికి తెల్ల దుప్పటి కప్పుకున్న పిల్ల నవ్వు తెప్పిస్తుంది. చేతబడి భయంతో ఊళ్లో కుటుంబాలు విడిపోవడం చూసి, దయ్యం పట్టిందన్న మనిషి కోసం ఉపవాస ప్రార్థనలో కూర్చుని, తర్వాత డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కున్న తెలుగు అమ్మమ్మకు అది నవ్వులాట కాదు. ఆమె ఇంట్లో ఒకప్పుడు గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టేవారు. యేసును నమ్ముకున్నాక దాన్ని దింపేశారు, చుట్టాలతో మాటపడి మరీ. ఇప్పుడు ఇక్కడ మనవడు కోరలున్న గుమ్మడికాయను మెట్ల మీద పెడుతున్నాడు. దీన్ని చాదస్తం అని కొట్టిపారేయడం తేలిక. కానీ పౌలు లెక్కలో, ఇది బలి ఇచ్చింది అని చెప్పే మనిషి ఆ ఇంట్లోనే ఉంది. మనవడి తల్లి ఆ ఏడాదికి గుమ్మడికాయను చెక్కకుండా మెట్ల మీద ఊరికే పెట్టినా అతని పండుగకు పోయేది పెద్దగా ఉండదు.

ఇళ్లలో తీర్పును అసలు నడిపించేది సిద్ధాంతం కంటే పిల్లల వయసు. మూడు నాలుగేళ్ల బిడ్డకు వేషం, చాక్లెట్ తప్ప ఇంకేమీ అర్థం కావు, కానీ పక్కింటి తోటలో లేచి అరిచే ప్లాస్టిక్ అస్థిపంజరం రాత్రుళ్లు కలలోకి వస్తుంది. ఏడెనిమిదేళ్లవాడికి బడిలో అందరూ మాట్లాడుకునేదాంట్లో తాను లేకపోవడమే పెద్ద కష్టం. అతనికి వద్దు అని చెబితే సరిపోదు, ఎందుకో అతని మాటల్లో చెప్పగలిగేలా నేర్పాలి, లేకపోతే తోటి పిల్లల ముందు మా అమ్మ ఒప్పుకోదు అన్న ఒక్క ముక్కే మిగులుతుంది. పద్నాలుగేళ్లు దాటాక వేషాలు పోయి అర్ధరాత్రి హారర్ సినిమాలూ, తాగుడు పార్టీలూ వస్తాయి. చిన్నప్పుడు దీపం ఆర్పిన ఇల్లూ, వెలిగించిన ఇల్లూ అక్కడ ఒకే చోట నిలబడతాయి. ఐదేళ్లప్పుడు యువరాణి గౌను మీద గంటలు గంటలు వాదించి, పదిహేనేళ్లప్పుడు ఎక్కడికి వెళ్తున్నావని కూడా అడగని ఇళ్లు లేకపోలేదు.

భార్యాభర్తలు వేరు వేరు సంఘాల నుంచి వచ్చినప్పుడు చిక్కు ఇంకాస్త పెరుగుతుంది. కేథలిక్ ఇంట పెరిగిన తల్లికి నవంబరు 1 ఆరాధనకు వెళ్లవలసిన పెద్ద పండుగ. ముందు రాత్రి పిల్లను సెయింట్ తెరెజాలా అలంకరించడం ఆమెకు సహజం. బాప్టిస్టు ఇంట పెరిగిన తండ్రికి ఆ పరిశుద్ధుల వేషమే ఇంకో సమస్య. ఆర్థడాక్స్ చర్చిలో పుట్టినవాళ్లకైతే ఈ ముడే లేదు. వాళ్లకు సకల పరిశుద్ధుల పండుగ పెంతెకొస్తు తర్వాతి ఆదివారం వస్తుంది, అక్టోబరు చివరి రాత్రికి దానితో చుట్టరికం లేదు. యెహోవా సాక్షులనే శాఖ వాళ్ల ఇంట్లో అసలు ప్రశ్నే రాదు, చేయకూడదన్న జవాబు ముందే ఉంది. వాదన మిగిలేది మధ్యలో ఉన్నవాళ్లకే. అలాంటి ఇళ్లలో ఈ రాత్రి గురించి అక్టోబరు 30న కాకుండా ఆగస్టులో, వేషాలు దుకాణాల్లోకి రాకముందు మాట్లాడుకున్న భార్యాభర్తలకు కాస్త తక్కువ రభస. ముప్పయ్యో తేదీ రాత్రి తీసుకునే నిర్ణయాన్ని నిజానికి పిల్లవాడి ఏడుపే తీసుకుంటుంది.

రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయంలో దినాల గురించి పౌలు, ప్రతివాడూ తన మనస్సులో రూఢిపరచుకోవాలంటాడు. ఎవరికి తోచినట్టు వాళ్లు చేసుకోండి అనడానికి ఈ మాట వాడుతుంటారు. కానీ దాని పక్కనే ఇంకో మాట ఉంది. తినేవాడు తిననివాణ్ని తృణీకరించకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు. రెండు గుంపులకూ రెండు వేరు వేరు నిషేధాలు. దీపం ఆర్పినవాడికి తీర్పు తీర్చాలనిపిస్తుంది, వెలిగించినవాడికి వెటకారం చేయాలనిపిస్తుంది. ఎవరి జబ్బు ఏదో తెలిసి రాసినట్టుంది.

2026లో అక్టోబరు 31 శనివారం వస్తోంది, మర్నాడే ఆదివారం. ఉదయం సండే స్కూల్ గదిలో ఒక పిల్ల చెంపల మీద పిల్లి మీసాల రంగు పూర్తిగా పోయి ఉండదు, జేబులో చాక్లెట్ కాగితం చప్పుడవుతుంటుంది. ఆమె పక్క కుర్చీలో ఇంటి వెనక గదిలో ఆ సాయంత్రం గడిపిన పిల్లవాడు ఉంటాడు. టీచరు గదిలోకి వస్తూనే, నిన్న ఎవరెవరు ఏ వేషం వేశారని అడగబోతుంది. ఆ పిల్లవాడు అప్పటికే తన బూట్ల లేసుల వైపు చూస్తుంటాడు.